చర్చాపేజీల వాడుక సౌలభ్యం

ఒక పనిముట్టును దాన్ని తయారుచేసినవారు కాక, దాంతో పని ఉన్నవారు ఎంత సులువుగా వాడుకోగలరన్నదే వాడుక సౌలభ్యం. ఐఎస్‌ఓ 9241-11 అనే అంతర్జాతీయ ప్రమాణం దీనికి మూడు కొలతలు చెబుతుంది: తలపెట్టిన పని పూర్తయిందా, అందుకు ఎంత శ్రమ పట్టింది, వాడినవారికి తృప్తి కలిగిందా. 1998లో వెలువడిన ఈ ప్రమాణాన్ని 2018లో సవరించారు. బ్యాంకు యాప్‌కైనా రైలు టికెట్ల సైటుకైనా ఈ మూడూ సరిపోతాయి. పదిమంది చేరి మాట్లాడుకునే ఆన్‌లైన్ వేదికకు మాత్రం చాలవు. టికెట్ దొరకనివారు ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తారు. చర్చావేదికలో నోరు విప్పలేకపోయినవారు ఆ సంగతి చెప్పుకోవాలన్నా అక్కడే చెప్పుకోవాలి. అది కుదరక వెళ్లిపోతారు. మిగిలేది ఆ ఇబ్బంది లేనివారు, లేదా దానికి అలవాటు పడిపోయినవారు. అందుకే చర్చావేదికల విషయంలో ‘ఎవరూ ఫిర్యాదు చేయలేదు’ అన్న మాటకు ఏ విలువా లేదు. ఈ రంగంలో జరిగిన పొరపాట్లలో చాలావాటి మూలం ఈ ఒక్క మాటలోనే ఉంది.

ఈ సమస్యను, దాని మరమ్మతును దగ్గరగా చూడడానికి వికీపీడియా చర్చాపేజీలకు మించిన ఉదాహరణ లేదు. రెండు దశాబ్దాలుగా అక్కడ ఏ లోపం ఎవరు ఎత్తిచూపారో, ఏ పరిష్కారం ఎందుకు పనికిరాలేదో అంతా బహిరంగంగానే నమోదై ఉంది. తెలుగు వికీపీడియా కూడా 2003 డిసెంబరు 10 నుంచి ఆ చరిత్రలో భాగమే. ప్రతి వ్యాసానికీ వెనుక ఉండే ‘చర్చ’ పేజీ, ప్రతి వాడుకరికీ ఉండే ‘వాడుకరి చర్చ’ పేజీ, అందరికీ ఉమ్మడిగా ఉండే ‘రచ్చబండ’ అన్నీ ఈ కోవలోవే.

ముందున్న వేదికలు

కంప్యూటరు మీద గుంపు చర్చ వికీలతో మొదలు కాలేదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద డేవిడ్ వూలీ 1973లో ‘నోట్స్’ అనే చర్చా సాధనాన్ని తయారుచేశాడు. డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో యూజ్‌నెట్‌కు రూపకల్పన చేశారు. అక్కడి వార్తాగుంపుల్లో తెలుగువారికీ ఒకటి ఉండేది. తెలుగు లిపి తెరమీదికి రాని ఆ రోజుల్లో, రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్టీఎస్ లిప్యంతరీకరణ పద్ధతిలో, రోమన్ అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. 2000 తర్వాత పీహెచ్‌పీబీబీ వంటి వెబ్ ఫోరాలు విరివిగా వచ్చాయి. 2008లో ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో, 2013లో డిస్కోర్స్ అనే ఫోరం సాఫ్ట్‌వేర్ వచ్చాయి.

వీటన్నిటినీ ఒక ప్రశ్న వెంటాడింది. జవాబులను ఏ మాటకు ఆ మాట కింద కొమ్మల్లా పేర్చాలా, వచ్చిన వరుసలో ఒకే బారుగా పేర్చాలా? కొమ్మలైతే ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలుస్తుంది కానీ, కొత్తగా ఏం వచ్చిందో వెతుక్కోవాలి. బారుగా ఉంటే కొత్తది కింద కనిపిస్తుంది కానీ, రెండు మూడు వాదాలు కలగాపులగం అవుతాయి. డిస్కోర్స్ రూపకర్తలు బారు వరుసనే ఎంచుకుని, ఏ జవాబు ఏ మాటకో చూపే లింకులు జోడించారు. స్టాక్ ఓవర్‌ఫ్లో అసలు చర్చనే తగ్గించి ప్రశ్న, జవాబు, వ్యాఖ్య అని మూడు అరలు చేసింది. వికీ ఈ రెండు దారులూ పట్టలేదు. చర్చకంటూ ఏ ఏర్పాటూ చేయకుండా వదిలేసింది.

ఏర్పాటు లేని పేజీ

వార్డ్ కనింగ్‌హామ్ 1995లో ప్రారంభించిన మొదటి వికీలో వ్యాసమూ చర్చా ఒకే పేజీలో కలిసి ఉండేవి. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియాలో చర్చను పక్క పేజీకి మార్చారు. 2002లో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక చర్చాపేజీలకు విడిగా ఒక పేరుబరి (ఒకే ముందుపేరుతో ఉండే పేజీల విభాగం) కేటాయించారు. అయితే ఆ పేజీ మాత్రం వ్యాసం పేజీ లాంటిదే. ఎవరైనా ‘మార్చు’ నొక్కి, పేజీలో ఎక్కడైనా ఏమైనా రాయవచ్చు, ఇతరుల మాటలను కూడా మార్చవచ్చు. ఏది ఎవరి వ్యాఖ్యో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో సాఫ్ట్‌వేరుకు తెలియదు. అదంతా రాసేవారి మర్యాద మీద నడిచింది.

ఆ మర్యాద కొత్తవారి పట్ల ఎంత కఠినమైనదో ఒక్క జవాబు దారిని గమనిస్తే తెలుస్తుంది. ముందు ‘మార్చు’ నొక్కాలి. జవాబు ఇవ్వడానికి ‘మార్చు’ ఎందుకు నొక్కాలో ఎవరికీ స్ఫురించదు. తెరిచాక వికీ సంకేతాలతో నిండిన పెట్టె వస్తుంది. అందులో తాను జవాబివ్వదలచిన వ్యాఖ్య ఎక్కడుందో వెతకాలి. దాని ముందు ఎన్ని కోలన్లు ఉన్నాయో లెక్కపెట్టి, అంతకంటే ఒకటి ఎక్కువ పెట్టి రాయాలి. చివర నాలుగు టిల్డేలు (~~~~) పెడితే అది పేరు, తేదీ, సమయంగా మారుతుంది. మరచిపోతే ఆ వ్యాఖ్య ఎవరిదో తెలియదు. ఇంగ్లీషు వికీపీడియాలో ఇలా మరచిపోయినవారి వ్యాఖ్యల కింద పేరు చేర్చడానికే ఒక బాటును, అంటే తనంతట తాను దిద్దుబాట్లు చేసే ప్రోగ్రామును, నడుపుతున్నారు. ఒక లోపం వల్ల రోజూ జరిగే తప్పును సరిదిద్దడానికి యంత్రాన్ని పెట్టారంటే, ఆ లోపం వాడేవారిది కాదు, ఏర్పాటుదని ఒప్పుకున్నట్టే.

ఇంతా చేసి ప్రచురించబోతే ‘దిద్దుబాటు ఘర్షణ’ ఎదురు కావచ్చు. మీరు రాస్తుండగా ఇంకొకరు అదే చోట రాసి ముందు ప్రచురించారన్నమాట. వ్యాసంలో ఇద్దరు వేర్వేరు పేరాలు మారిస్తే సాఫ్ట్‌వేర్ తానే కలుపుతుంది. చర్చలో మాత్రం అందరూ చివరనే రాస్తారు. అంటే చర్చ ఎంత వేడిగా సాగితే అంత ఎక్కువగా ఘర్షణ వస్తుంది. ప్రాణం ఉన్న చర్చనే శిక్షించే ఏర్పాటు ఇది.

కోలన్ల సంగతి ఇంకో రకం. వికీ సంకేతాల్లో కోలన్ అసలు నిర్వచనాల జాబితా కోసం ఉద్దేశించింది. దాన్ని జవాబు లోపలికి జరగడానికి వాడుకున్నారు. చూపున్నవారికి తేడా తెలియదు. స్క్రీన్ రీడర్ వాడే అంధ పాఠకులకు మాత్రం ఆ సాధనం ప్రతి జవాబు ముందూ జాబితా లోపల జాబితా మొదలైందని, ముగిసిందని చెబుతూ పోతుంది. అసలు మాట ఆ రొదలో మునిగిపోతుంది.

తెలుగు కీబోర్డు మీద

ఇక్కడ ఇంగ్లీషు వికీలో ఎవరికీ ఎదురుకాని ఇబ్బంది ఒకటుంది. భారతీయ భాషలకు ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో టిల్డే ఉండాల్సిన మీట ‘ఒ’ అక్షరానిది. నాలుగు టిల్డేలు కొట్టబోతే తెరమీద ‘ఒఒఒఒ’ పడుతుంది. కోలన్ మీట ‘ఛ’ది. లింకుకు వాడే చదరపు కుండలీకరణం ‘డ’, మూసలకు వాడే మీసాల కుండలీకరణం ‘ఢ’. వికీ సంకేత భాషకు ప్రాణమైన గుర్తులన్నీ తెలుగు అక్షరాలకు పోయాయి. కనుక ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు రాసేవారు ఒక్క జవాబుకు కనీసం రెండుసార్లు భాష మార్చుకోవాలి: కోలన్ కోసం ఒకసారి, సంతకం కోసం ఇంకోసారి. వికీలోనే ఉండే తెలుగు టైపింగు సదుపాయాన్ని కంట్రోల్-ఎం తో ఆపి, మళ్లీ తెరవవచ్చు. ఆ సంగతి తెలిసినవారికి. పెట్టె పైనుండే సంతకం బొత్తాన్నీ నొక్కవచ్చు, అది కనిపించినవారికి. లిప్యంతరీకరణ పద్ధతుల్లో టిల్డే ‘ఙ’, ‘ఞ’ల కోసం వాడే గుర్తు. ఇక ఫోన్లో అయితే ఆ గుర్తును అంకెల పొర దాటి, గుర్తుల పొరలో వెతకాలి.

కొత్త వాడుకరులకు పెట్టే స్వాగత సందేశంలో నాలుగు టిల్డేల సంగతి తప్పకుండా చెప్పడం తెలుగు వికీలో ఆనవాయితీ. అయినా మరచిపోయేవారు మరచిపోతూనే ఉన్నారు. సూచన రాసిపెట్టడం మరమ్మతు కాదు. చేయాల్సిన పని చేతికి కష్టమైనప్పుడు, దాన్ని ఎంత మంచి తెలుగులో వివరించినా కష్టం అలాగే ఉంటుంది.

తెలుగు లిపికి సంబంధించి మరో రెండు లోపాలు చెప్పుకోవాలి. ఒత్తులు కిందికి దిగే లిపి మనది. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని పంక్తుల మధ్య ఖాళీ నిర్ణయిస్తే, ఒత్తులు కింది పంక్తిని తాకుతాయి, లేదా బొత్తాల్లో అంచు దగ్గర తెగిపోతాయి. రెండోది లింకులు. ఒక చర్చ లింకును కాపీ చేసి వేరే చోట పెడితే, అందులోని ఒక్కో తెలుగు సంకేతం శాతం గుర్తులతో కూడిన తొమ్మిది గుర్తుల తోకగా మారుతుంది. నాలుగు మాటల శీర్షిక నాలుగు పంక్తులవుతుంది. అలాంటి లింకును వాట్సాప్‌లో చూసినవారు అదేదో మోసపు లింకని అనుమానిస్తే తప్పు పట్టలేం.

లోపాలను కనిపెట్టడం

వాడేవారి పక్కన కూర్చుని చూడడమే వాడుక పరీక్షలకు ఆధారం. చేస్తున్నప్పుడు మనసులో ఏమనుకుంటున్నారో పైకి చెప్పమనే పద్ధతిని ఐబీఎంలో పనిచేసిన క్లేటన్ లూయిస్ 1982లో కంప్యూటర్ రంగానికి పరిచయం చేశాడు. జేకబ్ నీల్సన్, రాల్ఫ్ మోలిచ్ 1990లో ప్రతిపాదించిన పద్ధతి మరొకటి: నిపుణులు కొన్ని సూత్రాలను దగ్గర పెట్టుకుని పేజీని తనిఖీ చేస్తారు. 1994లో నీల్సన్ ఆ సూత్రాలను సవరించి పదిగా స్థిరపరిచాడు. వ్యవస్థ స్థితి కనిపించాలి, తప్పును వెనక్కి తీసుకునే వీలుండాలి, గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం రాకుండా కళ్లముందే ఉండాలి అన్నవి వాటిలో కొన్ని. పాత చర్చాపేజీ ఈ మూడో సూత్రం దగ్గరే ఘోరంగా తప్పింది.

ఐదుగురితో పరీక్షిస్తే చాలని నీల్సన్ చెప్పిన మాట బాగా ప్రచారంలో ఉంది. ఒక్కొక్కరు సగటున 31 శాతం లోపాలను బయటపెడతారన్న లెక్క ప్రకారం, ఐదుగురయ్యేసరికి దాదాపు 85 శాతం తేలతాయి. ఆ ఐదుగురూ ఒకే తరహావారైతేనే ఈ లెక్క పనిచేస్తుంది. చర్చావేదికలో కనీసం నాలుగు తరహాలుంటారు: చదివి వెళ్లేవారు, మొదటిసారి రాసేవారు, రోజూ రాసేవారు, నిర్వాహకులు. వీరి అవసరాలు తరచు ఎదురెదురుగా ఉంటాయి. కొత్తవారికి ఖాళీ జాగా, పెద్ద అక్షరాలు కావాలి. రోజుకు వంద పేజీలు చూసే నిర్వాహకులకు ఒకే తెరమీద ఎక్కువ సమాచారం కావాలి.

వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ ఈ దిశగా పెద్ద ఎత్తున అడుగు వేసింది 2008 డిసెంబరులో. స్టాంటన్ ఫౌండేషన్ ఇచ్చిన 8,90,000 డాలర్లతో వాడుక సౌలభ్య కార్యక్రమం మొదలైంది. దాని ఫలితంగా వచ్చిన ‘వెక్టర్’ రూపం 2010 మే నెలలో ఇంగ్లీషు వికీకి అందింది. అయితే ఆ కార్యక్రమం దృష్టి వ్యాసాలు రాయడం మీదే. చర్చ వంతు తర్వాతికి పోయింది.

కూల్చి కట్టిన ప్రయత్నాలు

చర్చాపేజీ స్థానంలో అసలైన ఫోరాన్ని పెట్టాలన్న ఆలోచన 2004లోనే ఎరిక్ మోలర్ చేశాడు. దాని పేరు లిక్విడ్‌థ్రెడ్స్. 2006లో ఒక విద్యార్థి గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కింద దానికి తొలి కోడు రాశాడు. కొన్ని వికీలే దాన్ని వాడాయి. 2013లో ఫౌండేషన్ ‘ఫ్లో’ పేరుతో మళ్లీ మొదటినుంచీ కట్టింది. ప్రతి వ్యాఖ్యకూ దాని పెట్టె, దాని జవాబు బొత్తం ఉండేవి, సంతకం తనంతట తాను పడేది. కోలన్ల బెడద పోయింది. కొత్తవారి ఇబ్బందుల్లో చాలావాటికి అది సూటి పరిష్కారం.

అయినా నిలవలేదు. చర్చాపేజీని పాతకాపులు మాట్లాడుకోవడానికి మాత్రమే వాడడం లేదన్న సంగతి రూపకర్తలు తేలిగ్గా తీసుకున్నారు. అక్కడే పట్టికలు గీస్తారు, వ్యాసం చిత్తుప్రతిని పెట్టి నలుగురూ కలిసి దిద్దుతారు, ఓట్లు లెక్కపెడతారు, పాత చర్చలను భద్రపరచడానికి బాట్లను నడుపుతారు. ఏ పేజీకైనా ఒకే చరిత్ర ఉండి, ఏ రోజు ఎలా ఉందో తెరిచి చూడగలగడం వారికి ఊపిరి లాంటిది. ఫ్లోలో ఆ పేజీయే లేదు. విడివిడి వ్యాఖ్యల కుప్ప ఉంది. కిందికి జరుపుతున్నకొద్దీ కొత్తవి వచ్చి చేరే తెరలో పాత మాటను వెతకడమూ కష్టమైంది. 2015లో ఫౌండేషన్ దాని అభివృద్ధిని ఆపేసింది. ఇంగ్లీషు వికీ దాన్ని తీసేసింది.

సమయం కూడా కలిసిరాలేదు. 2013 జులైలో ఇంగ్లీషు వికీలో అందరికీ తెరిచిన, సంకేతాలు లేకుండా వ్యాసం దిద్దే విజువల్ ఎడిటర్‌ను ఆ సెప్టెంబరుకల్లా కోరుకున్నవారికే పరిమితం చేయాల్సి వచ్చింది. 2014 ఆగస్టులో మీడియా వ్యూయర్ అనే బొమ్మల ప్రదర్శన సాధనం మీద జర్మన్ వికీ నిర్వాహకులు ఎదురు తిరిగితే, వారు మార్చకుండా ఫౌండేషన్ ‘సూపర్‌ప్రొటెక్ట్’ అనే తాళం వేసింది. ఆ తాళాన్ని 2015 నవంబరులో తీసేశారు గానీ, పైనుంచి వచ్చే ఏ మార్పునైనా అనుమానంతో చూడడం అప్పటికే అలవాటైంది. వాడుక సౌలభ్యం మీద రాసే పుస్తకాలు విశ్వాసం గురించి తక్కువ చెబుతాయి. సముదాయం తనదనుకునే చోట, అడగకుండా చేసిన మేలు కూడా చొరబాటుగానే కనబడుతుంది.

2019 సంప్రదింపులు, ఆ తర్వాత

2019 ఫిబ్రవరి నుంచి జూన్ వరకు ఫౌండేషన్ అనేక భాషల వికీలను రెండు విడతలుగా సంప్రదించింది. తేలిన దారి ఒక్క మాటలో చెప్పవచ్చు: చర్చాపేజీని తీసేయకుండా, దాని మీదే సదుపాయాలు కట్టాలి. కింద మామూలు వికీ పేజీయే ఉంటుంది, పాత పద్ధతిలో రాసేవారు అలాగే రాసుకుంటారు, బాట్లు అలాగే నడుస్తాయి. అదనంగా ప్రతి వ్యాఖ్య చివరా జవాబు లింకు కనబడుతుంది. దీన్ని డిస్కషన్‌టూల్స్ అంటారు. 2020 మార్చి చివర అరబిక్, డచ్, ఫ్రెంచ్, హంగేరియన్ వికీపీడియాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాతి రెండేళ్లలో మిగతా వికీలకు విస్తరించారు.

ఇందులోని సాంకేతిక ఉపాయం ముచ్చటైనది. వ్యాఖ్యలకు హద్దులు లేని పేజీలో ఏ మాట ఎక్కడ ముగిసిందో యంత్రానికి ఎలా తెలుస్తుంది? సంతకంలోని తేదీ, సమయాల ద్వారా. పేజీ మొత్తం గాలించి, ఆ భాషలో తేదీ రాసే తీరును, నెలల పేర్లను, అంకెలను బట్టి సంతకాలను గుర్తుపడుతుంది. ఆ సంతకాల పక్కన వాడుకరి పేజీ లింకు ఉందో లేదో చూస్తుంది. జరిపిన దూరాన్ని బట్టి ఎవరు ఎవరికి జవాబిచ్చారో ఊహిస్తుంది. ఇరవై ఏళ్లుగా మనుషులు మర్యాద కోసం పాటించిన సంతకమే యంత్రానికి ఆధారమైంది. ఈ పని సాగాలంటే సంతకాలు కనీస పద్ధతిలో ఉండాలి కనుక, 2020లో సంతకాలకు నియమాలు పెట్టారు: వాడుకరికి చెందిన పేజీకి లింకు తప్పనిసరి, చెడిన సంకేతాలు కుదరవు.

జవాబు లింకు నొక్కితే ఆ వ్యాఖ్య కిందే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. కోలన్లు, టిల్డేలు సాఫ్ట్‌వేరే పెడుతుంది. రాసింది ఎలా కనిపిస్తుందో ‘మునుజూపు’ నొక్కకుండానే తెలుస్తుంది. ప్రచురించేటప్పుడు పేజీ తాజా ప్రతికే జవాబును జోడిస్తుంది కాబట్టి దిద్దుబాటు ఘర్షణ దాదాపుగా పోయింది. ‘ఒఒఒఒ’ సమస్యా దాంతోనే తీరింది. తెలుగువారి కోసం ఎవరూ ప్రత్యేకంగా చేయని మరమ్మతు ఇది. గుర్తులను మనిషి చేత కొట్టించడం మానడంతో అన్ని కీబోర్డులకూ మేలు జరిగింది. 2021లో అనేక వికీల్లో కొందరికి పాత పద్ధతి, కొందరికి కొత్తది ఇచ్చి పోల్చిన ఏ/బి పరీక్షలో, జవాబు సాధనం తెరిచిన కొత్తవారు తమ మాటను చివరిదాకా రాసి ప్రచురించడం, పాత పద్ధతిలో మొదలుపెట్టినవారి కంటే బాగా ఎక్కువగా ఉందని తేలింది.

తర్వాత కొత్త విషయం మొదలుపెట్టే ఫారం వచ్చింది. అంతకంటే విలువైనది ఒక్క చర్చను మాత్రమే అనుసరించే వీలు. అంతకుముందు రచ్చబండలో ఒక్క చర్చను గమనించాలంటే మొత్తం పేజీని వీక్షణ జాబితాలో పెట్టుకుని, అన్ని చర్చల మార్పులనూ భరించాల్సి వచ్చేది. ఇప్పుడు శీర్షిక కిందే ఎన్ని వ్యాఖ్యలున్నాయో, చివరిది ఎప్పటిదో కనబడుతుంది.

అందని సందేశాలు

చర్చలో అన్నిటికంటే హానికరమైన లోపం, చెప్పిన మాట అవతలివారికి చేరకపోవడం. వికీమీడియాలో అది చాలాకాలం ఫోన్ల మీద జరిగింది. మొబైల్ వెబ్‌లో లాగిన్ కానివారికి చర్చాపేజీ లింకే కనిపించేది కాదు. కొన్ని యాప్‌లలో చర్చాపేజీకి వచ్చిన సందేశం గురించి సూచన రాకుండా పోయేది. ఫలితంగా, ఏదో తెలియక తప్పుగా దిద్దుతున్న వ్యక్తికి నిర్వాహకులు ఒకటికి రెండుసార్లు హెచ్చరిక పెడతారు. ఆయనకు అది కనిపించదు. పలకడం లేదని నిరోధిస్తారు. తానేం తప్పు చేశాడో తెలియని మనిషి, తనతో ఎవరూ మాట్లాడనే లేదన్న నమ్మకంతో వెళ్లిపోతాడు. ఇంగ్లీషు వికీ వాడుకరులు ఈ లోపాలన్నిటినీ ఒక పేజీలో జాబితా కట్టి, ఒక్కొక్కటీ సరయ్యేదాకా వెంటపడ్డారు. కనిపించని రంగు, ఇరుకు బొత్తం వంటివాటికి, దీనికి ఒకే తరగతి తీవ్రత ఇవ్వకూడదు. నీల్సన్ 0 నుంచి 4 వరకు పెట్టిన తీవ్రతా కొలబద్దలో ఇది నిస్సందేహంగా 4.

చిన్న సముదాయాల్లో

చిన్న వికీలో ఏ/బి పరీక్ష పనికిరాదు. నమ్మదగిన తేడా తేలేంతమంది ఉండరు. అక్కడ కళ్లతో చూడడమే సాధనం, అందుకు మంచి అవకాశం శిక్షణ శిబిరాలు. ఒక కళాశాల ల్యాబులో ముప్పైమందిని కూర్చోబెట్టి తెలుగు వికీని పరిచయం చేస్తే, ఏ పుస్తకంలోనూ లేని లోపాలు బయటపడతాయి. మొదటిది ఖాతా తెరవడంలోనే. ఒకే ఐపీ చిరునామా నుంచి రోజుకు ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వని పరిమితి ఉంది. దుశ్చర్యలను ఆపడానికి పెట్టిన ఆ నియమం ల్యాబులో ఏడో విద్యార్థిని గుమ్మం దగ్గరే నిలబెడుతుంది. ముందుగా మినహాయింపు కోరితే ఇస్తారు. ఆ సంగతి శిబిరం నడిపేవారికి తెలిసుండాలి.

చేతిలో ఉన్న మరమ్మతులూ ఉన్నాయి. బొత్తాల మీది తెలుగు మాటలను, సాఫ్ట్‌వేర్ అనువాదాల సైటైన ట్రాన్స్‌లేట్‌వికీలో ఎవరైనా మెరుగుపరచవచ్చు. అవి అన్ని వికీ ప్రాజెక్టులకూ చేరతాయి. స్థానికంగా మార్చాల్సినవి నిర్వాహకులు ‘మీడియావికీ’ పేరుబరిలో మారుస్తారు. అక్షరాల పరిమాణం, పంక్తుల మధ్య ఖాళీ వంటివి సైటు శైలిలో సరిచేయవచ్చు. 2018 నుంచి ఆ అధికారం అంతర్వర్తి (ఇంటర్‌ఫేస్) నిర్వాహకులకే ఉంది. సాఫ్ట్‌వేరు లోపమైతే, లోపాల చిట్టా అయిన ఫ్యాబ్రికేటర్‌లో నమోదు చేయాలి. ఈ చివరి మెట్టు దగ్గర చాలా తెలుగు ఫిర్యాదులు ఆగిపోతాయి, అది ఇంగ్లీషులో నడిచే చోటు కనుక. రచ్చబండలో చెప్పిన ఇబ్బందిని తెరపట్టుతో, ఏ బ్రౌజరో ఏ ఫోనో వివరంతో అక్కడికి మోసుకెళ్లే మనిషి ఒక్కరున్నా సముదాయమంతటికీ అది పెద్ద సేవ. లోపం చెప్పినవారికి, దానికి ఏమైందో తిరిగి రచ్చబండలోనే చెప్పడం కూడా ఆ పనిలో భాగమే.

ఇంకా తీరనివి కొన్ని ఉన్నాయి. వంద వ్యాఖ్యలు దాటిన చర్చలో ఏ అభిప్రాయానికి ఎంత మద్దతు ఉందో చూపే మంచి మార్గం లేదు. పాత చర్చలను భద్రపరచే పేజీలకు తరలించాక, వాటికిచ్చిన లింకులు తరచు తెగిపోతుంటాయి. జవాబు లింకుకు కూడా ఆధారం సంతకమే కనుక, సంతకం చేయకుండా వదిలేసిన పాత వ్యాఖ్యల కింద అది ఇప్పటికీ కనబడదు.